యాభైకీ అరవై నాలుగుకీ మధ్య

పై మర ఎక్కింది. కింది మర ఎక్కలేదు.

కొడుకు బాటిల్ స్టాండును తిప్పి పెట్టి చూశాడు, తలకిందులుగా పెట్టి చూశాడు. ఎటు పెట్టినా ఒక చివర రంధ్రం మీద బుద్ధిగా కూర్చుంటే, రెండో చివర వేలి వెడల్పంత దూరం దాటిపోయి ఏమీ లేని గొట్టం మీద ఆగుతోంది.

"నాన్నా, ఏంటిది?"

మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాడు. "ఏది?" అన్నాడు.

"ఈ రంధ్రాలు."

"ఏ రంధ్రాలు?"

టీ కప్పు కిటికీ అంచున పెట్టి, నుదుటి మీది కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని దగ్గరికొచ్చాడు. వైసులో బిగించి ఉన్న ఆకుపచ్చ సైకిల్ ఫ్రేము నర్సమ్మది. దాని ఏటవాలు గొట్టం నడుమ ఒకదాని కింద ఒకటి రెండు చక్కటి రంధ్రాలు. రంగు చెక్కుకుపోయిన చోట ఇనుము ఇంకా తెల్లగా మెరుస్తోంది.

"ఇవెప్పుడు పడ్డాయి?" అన్నాడు మేస్త్రి.

కొడుకు పెళ్ళాం వంక చూశాడు. షెడ్డుకీ వంటింటికీ మధ్య పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలికి ఆ చూపు అర్థమైంది. పోయిన ఆదివారం నుంచి ఇంటిల్లిపాదీ భయపడుతున్నది రానే వచ్చింది.

పోయిన ఆదివారం మేస్త్రి గ్యాస్ టార్చిని వెలుగుతుండగానే బల్ల మీద వదిలేసి స్నానానికి వెళ్ళాడు. పక్కనున్న నూనెగుడ్డ అంటుకుంది. పొగ చూసి ఇసుక బకెట్టుతో పరిగెత్తింది కోడలే. ఆ రోజు కొడుకు నోరెత్తకముందే మేస్త్రి మెడలో తాడు పట్టుకుని చూపించాడు. "ఇంకొక్క తప్పు జరిగిందా, ఈ తాళం నేనే తెచ్చి నీ చేతిలో పెడతాను. నువ్వు అడగక్కర్లేదు."

ఆ తాడుకు రెండు వస్తువులుంటాయి. గ్యాసు సిలిండరు తిప్పే తాళం ఒకటి, బాటిల్ స్టాండు రంధ్రాల మధ్య ఎంత ఎడం ఉండాలో చూపించే ఇత్తడి పట్టీ ఒకటి. తాళం పోతే నిప్పు లేదు. నిప్పు లేకపోతే అతుకు లేదు. అతుకు లేకపోతే, నలభై ఏళ్ళుగా సైకిల్ ఫ్రేములు కట్టిన మనిషి ఇంట్లో ఉత్త ముసలాయన.

"నేను వెయ్యలేదు," అన్నాడు మేస్త్రి.

"మరి నేను వేశానా?"

"నువ్వెయ్యవు. నీకు రాదు."

అది తిట్టు కాదు. మేస్త్రి ఉన్నమాటే అన్నాడు. కొడుక్కి మెయిన్ రోడ్డు మీద అద్దాల షాపు ఉంది. సైకిళ్ళు అమ్ముతాడు, బ్రేకులు సరిచేయిస్తాడు. తండ్రి కోపంలో ఉంటే 'షోరూం దొర' అంటాడు, కోపం లేనప్పుడు కూడా అప్పుడప్పుడూ అంటాడు.

"నిన్న నేను షాపులో ఉన్నాను. నీ కోడలు కళ్ళద్దాల షాపులో డ్యూటీలో ఉంది. మేం వచ్చేసరికి లైట్లు వేశారు. ఇంట్లో ఉన్నది నువ్వూ అమ్మా. అమ్మ వేసిందంటావా?"

వెటకారానికి అన్న మాట అది. వంటింటి గుమ్మంలో గ్లాసు తుడుస్తున్న అత్తగారు తుడుస్తూనే ఉంది, పొడి గ్లాసును పొడి గుడ్డతో.

"గుర్తు తెచ్చుకో నాన్నా. నిన్న ఏం చేశావు?"

"పొద్దున్న రంగు గీకి గుర్తులు పెట్టాను. తర్వాత తుడిచేశాను."

"ఎందుకు తుడిచావు?"

"నచ్చలేదు."

"తొమ్మిది రోజులుగా నచ్చడం లేదు నీకు. తర్వాత?"

"భోంచేశాను. నడుం వాల్చాను. లేచేసరికి మూడున్నర. టీ తాగాను. ఆ తర్వాత..." మేస్త్రి ఆగాడు. వేళ్ళ మీద లెక్కపెడుతున్నవాడిలా బొటనవేలు నాలుగో వేలి మీద ఆగిపోయింది. "ఆ తర్వాత ఇటు వచ్చానా?"

అడిగింది కొడుకుని కాదు. గాలిని అడిగాడు.

నర్సమ్మ ఈ ఫ్రేమును మేస్త్రి చేత కట్టించుకుని పదహారేళ్ళయింది. ఇల్లిల్లూ తిరిగి మంచం పట్టినవాళ్ళకి కట్లు మారుస్తుంది, సూదులు వేస్తుంది. ఈమధ్య ఆవిడకే కిడ్నీలో రాళ్ళు పడ్డాయి. పావుగంటకోసారి రెండు గుక్కలు నీళ్ళు తాగి తీరాలన్నాడు డాక్టరు. సీసా వెనక సంచిలో ఉంటుంది. తాగాలంటే దిగాలి. దిగితే ఇళ్ళు పూర్తికావు. కాబట్టి తాగదు. "గొట్టం మీద సీసా పెట్టుకునే స్టాండు బిగించి పెట్టు మేస్త్రీ, తొక్కుతూనే తాగుతాను," అంది. రెండు రంధ్రాలు, వాటిలో మర దిగడానికి రెండు చిన్న గుబ్బలు, వాటి చుట్టూ ఇత్తడి కరిగించి అతుకు. ఒక్క పూట పని. ఆ ఒక్క పూట కోసం నర్సమ్మ తొమ్మిది రోజులుగా నడిచి తిరుగుతోంది. రేపు పొద్దున్న ఏడింటికి వస్తానని కబురు పెట్టింది.

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చావు," అన్నాడు కొడుకు. "రివెట్ నట్లు ఉన్నాయి నాన్నా. షాపులో డబ్బాలకు డబ్బాలున్నాయి. రంధ్రం వేసి గన్నుతో నొక్కితే చాలు, నిప్పుతో పనే లేదు. మొదటి రోజే చెప్పాను."

"ఏడాది తిరక్కుండా అవి గొట్టంలో గిరగిరా తిరుగుతాయి. అప్పుడు మర విప్పడానికీ రాదు, బిగించడానికీ రాదు."

"ఇప్పుడు ఇది బిగించడానికి వచ్చిందా?"

మేస్త్రి ఎత్తు పీట లాక్కుని కూర్చున్నాడు.

"పోనీ కింద సరైన చోట ఇంకో రంధ్రం వేసేద్దాం."

"ఆ గొట్టం చివర్లలోనే దళసరి. నడుమ గుడ్డు పెంకంత పలచన. వేలి వెడల్పు చోటులో రెండు రంధ్రాలుంటే ఏదో ఒక దిగుడులో సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాతవి రెండూ పూడ్చాలి. మీద బిళ్ళ వేసి అతకాలి. అప్పుడు కొత్తవి వెయ్యాలి." పని మాట రాగానే మనిషి నిటారుగా అయ్యాడు.

"ఎవరు అతుకుతారు?" అన్నాడు కొడుకు.

ఆ ప్రశ్నతో మేస్త్రి మళ్ళీ వంగిపోయాడు.

"వేశానేమోరా," అన్నాడు చివరికి. "వేసి మర్చిపోయానేమో."

కోడలికి ఆ మాట వినాలనిపించలేదు. ఆరేసిన బట్టను మళ్ళీ తీసి మళ్ళీ ఆరేసింది.

*

కోడలు చేసే పని కొలతల పని. కళ్ళద్దాలు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళ రెండు కనుపాపల మధ్య ఎంత దూరముందో అరచేతిలో పట్టే చిన్న స్కేలుతో కొలుస్తుంది. ఒక్క మిల్లీమీటరు తప్పినా సాయంత్రానికి తలనొప్పి అంటూ తిరిగొస్తారు. ఈ రోజు ఆమెకు సెలవు. అయినా స్కేలు పర్సులోనే ఉంది.

కొడుకు ఎవరికో ఫోన్ చేస్తూ వీధివైపు వెళ్ళగానే ఆమె షెడ్డులోకి వచ్చి స్కేలు రంధ్రాల మీద ఆనించింది.

"ఎంతుంది?" అన్నాడు మేస్త్రి పీట మీంచి లేవకుండా.

"యాభై."

"నలభై తొమ్మిదో, యాభై ఒకటో చూడు."

"యాభయ్యే మావయ్యా. గీత మీద గీత."

ఆమెకు ఇదే అంతు పట్టలేదు. ఉండాల్సింది అరవై నాలుగు మిల్లీమీటర్లు. ఈమధ్య వణుకుతున్న మామగారి చేతితో వేస్తే అరవై ఒకటి పడాలి, అరవై ఆరు పడాలి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ పోవాలి. ఇవి దారం పట్టి వేసినట్టున్నాయి. అంచు మీద వేలితో రాసి చూసింది. ఎక్కడా గీరుకోలేదు, నున్నగా ఉంది. తప్పు ఇంత కచ్చితంగా జరుగుతుందా?

ఆ కచ్చితత్వం మామగారికి ధైర్యమిస్తుందనుకుంది పాపం. "మావయ్యా, యాభై అంటే మీకేమైనా తడుతోందా?" అని అడిగింది.

మేస్త్రి పీట మీంచి ఫ్రేము వైపు వంగాడు.

"పాత రకం స్టాండ్లు ఉండేవి. వాటికి యాభయ్యే. మీ ఆయన పుట్టక ముందు మాట. ఇప్పుడవి రావడం లేదు. ఆ కొలత పట్టీ కూడా ఎక్కడో పోయింది." మెడలో వేలాడుతున్న పట్టీని పట్టుకున్నాడు. "ఇది అరవై నాలుగుది. ఇది మెడలో ఉండగా యాభై ఎలా వేస్తాను?"

"అదే కదా నేనూ అంటున్నది."

"లేదమ్మా. పట్టీ చూడకుండా వేశానన్నమాట. మనసులో ఉన్న కొలతతో వేశాను. అంటే నా మనసు ఆ రోజుల్లోకి వెళ్ళిపోయిందన్నమాట." అతను కోడలి వంక చూసిన చూపు చిన్నపిల్లాడి చూపులా ఉంది. "నేను ఏ సంవత్సరంలో ఉన్నాననుకున్నానో నిన్న."

సాయం చెయ్యబోయి ఇంకో రాయి వేసినట్టయింది.

కొడుకు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అడగలేదు. తాళం అడగక్కర్లేదని తండ్రే అన్నాడు కదా. మేస్త్రి మెడలో తాడు ముడి విప్పబోయాడు. ఏళ్ళ తరబడి చెమటకు బిగుసుకున్న ముడి, వణికే వేళ్ళకు లొంగలేదు. కొడుకు సాయానికి అడుగు వేశాడు.

"వద్దు. నేనే," అన్నాడు మేస్త్రి. గుంజాడు.

తాడు తెగి, తాళం ఒకవైపు పట్టీ ఒకవైపు పడ్డాయి. ముందుగా వంగింది మేస్త్రే. రెండూ ఏరుకుని గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"అమ్మాయ్, గట్టి దారం ఏదైనా ఉంటే పట్రా. మర్యాదగా దారం కట్టి ఇస్తాను. తెగిన తాడుతో ఇవ్వను."

*

గట్టి దారం ఉండేది అత్తగారి కుట్టుపని డబ్బాలో. ఒకప్పుడు బిస్కెట్లుండేవి అందులో. ఇప్పుడు బొత్తాలూ, దారపు ఉండలూ, ఎవరి అంగీవో తెలియని జేబులూ ఉంటాయి. కోడలు ఎర్ర దారం ఉండ తీసింది. దాని కింద మెత్తటి గుడ్డ మడత ఒకటి చేతికి బరువుగా తగిలింది.

విప్పింది. ఇత్తడి పట్టీ. వేలెడంత పొడవు, రెండు చివర్లా రెండు రంధ్రాలు. మేస్త్రి మెడలోదానికి అచ్చు చెల్లెల్లా ఉంది, కాస్త పొట్టి. ఒక రంధ్రం అంచున ఆకుపచ్చ రంగు పొడి అంటుకుని ఉంది.

స్కేలు తియ్యక్కర్లేదు. అయినా తీసింది. యాభై.

వెనక గుమ్మం దగ్గర అడుగుల చప్పుడైంది.

"దారం దొరికిందా?" అంది అత్తగారు.

"దొరికింది అత్తయ్యా."

అత్తగారు ఆమె చేతిలోది చూసింది. తలుపు దగ్గరికి వేసింది. మంచం అంచున కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సర్దుకోవాల్సినంతగా అవేం చెదరలేదు.

"మీరా?" అంది కోడలు.

"నేను కాక ఇంకెవరు? పెళ్ళైన కొత్తలో ఈ ఇంట్లో పడిన ప్రతి రంధ్రం నాదే. ఆయనది నిప్పు పని, నాది రంధ్రాల పని. ఆయన తొందర మనిషి, గురి తప్పేవారు. నేను వేసిన రంధ్రం చూసి ఆయన పేరు చెప్పుకునేవాళ్ళు జనం."

"మరి ఎప్పుడు మానేశారు?"

"వాడు పుట్టినప్పుడు. మూడు నెలలే కదా అని ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించాను." అత్తగారు నవ్వింది. "వాడికి ఇరవై ఏడు నిండాయి. ఏప్రాన్ ఎలకలు కొట్టేశాయి."

కోడలు పక్కన కూర్చుంది. అత్తగారి చేతులు ఇన్నేళ్ళుగా కూరలు తరగడం చూసింది, బట్టలు పిండడం చూసింది. ఆ చేతులు ఎందుకు ఎప్పుడూ వణకవో ఒక్కనాడూ ఆలోచించలేదు.

"వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉంటారు ఆయన," అంది అత్తగారు. "పొద్దున్నే గుర్తు పెడతారు. డ్రిల్లు ఎత్తుతారు. దించుతారు. తడిగుడ్డతో గుర్తు తుడిచేస్తారు. తొమ్మిది రోజులు ఇదే వరస. నిన్న ఆయన గుర్రు పెడుతున్నారు. రాత్రి కూర పొయ్యి మీంచి దించాను. వెళ్ళి వేసేశాను. కూర చల్లారేలోపు అయిపోయింది."

"లేచి చూస్తే ఏమనుకుంటారని?"

"ఓహో, నిన్ననే వేసేశాను కదా అనుకుంటారులే అనుకున్నాను. ఈమధ్య అలా మర్చిపోతూనే ఉన్నారుగా. ఇదొక్కసారి ఆ మతిమరుపు ఆయనకి మంచే చేస్తుందనుకున్నాను." చీర కొంగు వేలికి చుట్టుకుంది. "కొలత మారిపోయిందని నాకెవరు చెప్పారే? వంట గదిలో ఉన్నదాన్ని. నా దగ్గరున్న పట్టీ ఇదే."

"చెప్పెయ్యండి అత్తయ్యా. ఆయన పాపం మతి పోయిందనుకుంటున్నారు."

"చెబితే? నీ వల్ల కాదని మీ ఆవిడే తీర్మానించి దొంగచాటుగా నీ పని చేసింది అని చెప్పినట్టు. చెప్పకపోతే మతి పోయిందని ఆయనే అనుకుంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎందులో దూకితే తక్కువ దెబ్బో నువ్వు చెప్పు. కొలిచే పనే కదా నీది."

కోడలికి బుర్ర తిరిగిపోయింది. పొద్దుట్నుంచీ తప్పు ఎవరిదో తెలిస్తే చాలు, దారి దొరుకుతుందనుకుంది. ఇప్పుడు తెలిసింది. దారి మాత్రం పొద్దున ఉన్నంత కూడా కనబడటం లేదు. పట్టీని గుడ్డలో చుట్టి తన కుర్తా జేబులో వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియలేదు.

దారం ఇవ్వడానికి వెళ్తూ కిటికీలోంచి చూసింది. మేస్త్రి ఒక్కడే ఫ్రేము ముందు నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు తీసేశాడు. చిటికెన వేలు రంధ్రం అంచున పెట్టి, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా చుట్టూ తిప్పుతున్నాడు. ఒకసారి పై దాని మీద, ఒకసారి కింది దాని మీద.

*

భోజనాల దగ్గర కంచాలు, గరిటెలు మాత్రం మాట్లాడుకున్నాయి.

"రింగురోడ్డు అవతల అతుకుల పని చేసేవాడొకడున్నాడు," అన్నాడు కొడుకు సగం భోజనం అయ్యాక. "వస్తాడో రాడో భోంచేశాక ఫోన్ చేసి చెప్తానన్నాడు. రాకపోతే నర్సమ్మకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు."

మేస్త్రి తల ఊపాడు. ఎర్ర దారం కట్టిన తాళం మెడలో లేదు, ఇంకా కొడుకు చేతికీ వెళ్ళలేదు. చొక్కా జేబులో ఉన్నట్టుంది, జేబు కిందికి వేలాడుతోంది.

"ఆ రంధ్రాలు వేసింది నేను," అంది అత్తగారు.

కొడుకు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. తల్లిని జాలిగా చూశాడు.

"అమ్మా. వద్దు."

"వద్దేమిట్రా? నిన్న మధ్యాహ్నం నేనే వేశాను."

"నాన్నని వెనకేసుకు రావాలని నువ్వు అంటున్నావని నాకు తెలుసు. నువ్వు డ్రిల్లు పట్టుకోవడం నేను పుట్టి ఎరగను."

అది అక్షరాలా నిజం. ఆవిడ డ్రిల్లు కింద పెట్టిందే అతను పుట్టినందుకు.

కోడలి చెయ్యి జేబులోకి వెళ్ళింది. పట్టీ చల్లగా తగిలింది. ఇది తీసి కంచం పక్కన పెడితే వాదన అయిపోతుంది. ఆమె మామగారి వంక చూసింది. మేస్త్రి ఆమె జేబు వంకే చూస్తున్నాడు. తల చాలా కొద్దిగా, అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మ అబద్ధం చెప్తోంది," అన్నాడు మేస్త్రి నిమ్మళంగా. "నేనే వేశాను. ఇప్పుడు బాగా గుర్తొచ్చింది."

"ఏమండీ," అంది అత్తగారు.

"నువ్వు ఊరుకో. లేచాక టీకి ముందు వేశాను."

కొడుకు తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు. పొద్దున్న ఒక్క దోషి దొరకలేదు. ఇప్పుడు ఇద్దరు పోటీ పడుతున్నారు. తిలా పాపం తలా పిడికెడు పంచుకుంటారని విన్నాడు కానీ, మొత్తం నాకే కావాలని లాక్కునేవాళ్ళని చూడలేదు.

"నాకేం అర్థం కావడం లేదు," అన్నాడు. ఆ మాట అంటుంటే అతని ముఖం తండ్రి ముఖంలానే ఉంది. వీధిగదిలో ఫోన్ మోగింది. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళాడు.

మిగిలింది ముగ్గురే.

"అంచు గీకావు," అన్నాడు మేస్త్రి.

అత్తగారు తల ఎత్తలేదు.

"నేను జన్మలో అంచు గీకను. ఎలాగూ గుబ్బ కింద కప్పడిపోతుంది కదా అంటాను. దాని మీదే కదా మనకి రోజూ గొడవ. లోపలికి బయటికి తిప్పి ఆకురాయితో నున్నగా గీకితే గానీ నీకు నిద్ర పట్టేది కాదు."

"మీ వేళ్ళు కోసుకుంటాయని," అంది ఆవిడ.

"ఇందాక వేలు పెట్టి చూస్తే కోసుకోలేదు."

కోడలు ఆగలేకపోయింది. "తెలిసింది కదా మావయ్యా, మీరు వెయ్యలేదని. మతి పోలేదని. ఇంకెందుకు నేనే వేశానంటారు? ఆ తాళం ఎందుకిచ్చెయ్యాలి?"

మేస్త్రి నీళ్ళ గ్లాసు పట్టుకున్నాడు. గ్లాసులో నీళ్ళు సన్నగా కదిలాయి. అతను తాగకుండా మళ్ళీ కింద పెట్టాడు.

"తెలిసింది మధ్యాహ్నం అమ్మా. పొద్దుట్నుంచీ మధ్యాహ్నం దాకా నేనే వేశాననుకున్నాను. ఎవరో అంటే కాదు, నాకే అనిపించింది. వేసి మర్చిపోయే మనిషినే నేను అని నాకే నమ్మకం కుదిరింది. ఇంకో గంట ఉంటే డ్రిల్లు పట్టుకున్నట్టు గుర్తు కూడా వచ్చేది." గ్లాసు దూరంగా జరిపాడు. "తనని గురించి అంత తేలిగ్గా నమ్మేవాడి చేతిలో నిప్పు ఉండకూడదు. రంధ్రాలు ఎవరు వేస్తే ఏం?"

అత్తగారు ఏడ్చింది. చప్పుడు లేకుండా, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా. "చెప్పి వెయ్యాల్సింది," అంది. "మిమ్మల్ని లేపి, జరగండి నేను వేస్తానని చెప్పి వెయ్యాల్సింది."

"చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి."

"తిడితే తిట్టేవారు."

మేస్త్రి జేబులోంచి తాళం తీశాడు. ఎర్ర దారంతో పాటు అరవై నాలుగు పట్టీ కూడా వచ్చింది. రెండూ కలిపి భార్య అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

"రేపు ఏడింటికి నర్సమ్మ వస్తుంది. ఆవిడ ఇంకా నడవకూడదు. నడిచినా ఫరవాలేదు గానీ, నీళ్ళు తాగకుండా ఉండకూడదు. ఆ రెండూ పూడ్చాలి, బిళ్ళ వెయ్యాలి, కొత్తవి వెయ్యాలి."

"నిప్పు పని నాకు రాదండీ."

"నాకు వచ్చు. ఇత్తడి ఏ రంగుకు ఎప్పుడు తిరుగుతుందో నేను చూసి చెప్తాను. చెయ్యి నీది."

"ఆ షెడ్డు గడప తొక్కి ఇరవై ఏడేళ్ళయింది నేను."

"నిన్న తొక్కావుగా," అన్నాడు మేస్త్రి.

ఆవిడ ఏడుస్తూనే నవ్వబోయింది, రెండూ కుదరక దగ్గింది. లేచి చెయ్యి కడుక్కుని, కొంగు నడుముకు బిగించింది. కోడలు జేబులోని యాభై పట్టీని తీసి ఇవ్వాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేక ఆవిడ వెనకే నడిచింది. మేస్త్రి గోడ పట్టుకుని వాళ్ళ వెనక.

ముగ్గురూ పెరట్లోకి వచ్చేసరికి కొడుకు పక్క సందులోంచి తిరిగొచ్చి షెడ్డు తలుపు దగ్గరున్నాడు. ఫోన్ చేతిలోనే ఉంది.

"వాడు రాడట. తాళం ఇచ్చెయ్ నాన్నా. సిలిండరు తీసి బయట పెట్టించేస్తాను. ఇంక ఈ భయం వద్దు మనకి."

మేస్త్రి ఖాళీ అరచెయ్యి చూపించాడు. "ఇచ్చేశాను."

"ఎవరికి?"

కొడుకు పెళ్ళాం వంక చూశాడు. ఆమె అత్తగారి గుప్పిట వంక చూసింది. వేళ్ళ సందులోంచి ఎర్ర దారం వేలాడుతోంది.

"అమ్మా, నువ్వేం చెయ్యబోతున్నావు?" అన్నాడు. అప్పటికీ అర్థం కాలేదు. అయినా రెండు చేతులూ తలుపు చట్రానికి ఆనించి అడ్డంగా నిలబడ్డాడు. ప్రేమతోనే నిలబడ్డాడు, అదే వచ్చిన చిక్కు.

ఎవడి కోసం మూడు నెలలు అనుకుని ఆ గదిలోంచి బయటికి వచ్చిందో, వాడే ఇప్పుడు గుమ్మానికి అడ్డంగా ఉన్నాడు. ఆవిడ దగ్గరికి వెళ్ళి, వాడి మోచేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణకడం లేదు.

"కొంచెం జరుగు నాన్నా," అంది.